కనిపించని గెలాక్సీలో కనిపించిన చుక్క: ఒక సూపర్‌నోవాను కొలిచిన నా అనుభవం

2023 మే 20, శనివారం ఉదయం కాఫీ తాగుతుండగా ఆకాశ పరిశీలన చేసే మా మిత్రబృందంలో ఒక సందేశం వచ్చింది. సప్తర్షి మండలంలోని మెస్సియే 101 అనే సర్పిల గెలాక్సీలో ముందటి రాత్రి కొత్త చుక్క ఒకటి కనిపించిందనీ, జపాన్‌లోని యమగాతాకు చెందిన కొయిచి ఇటగాకి దాన్ని పట్టుకున్నారనీ, అప్పటికి దాని మాగ్నిట్యూడ్ (వెలుగును కొలిచే అంకె; అంకె పెరిగే కొద్దీ చుక్క మసక) 14.9 అనీ అందులో ఉంది. ఇటగాకి పేరు మాలాంటివారికి కొత్తది కాదు. ఆయన వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రవేత్త కాదు; సొంత టెలిస్కోపులతో రాత్రికి రాత్రి గెలాక్సీలను గాలిస్తూ వందకు పైగా సూపర్‌నోవాలను, అంటే పేలిపోతున్న నక్షత్రాలను, కనిపెట్టిన ఔత్సాహికుడు. ఆ చుక్కకు ఎస్‌ఎన్ 2023 ఐఎక్స్ఎఫ్ అని పేరు పెట్టారు. పేరులో అందం లేదు గానీ, ఆ ఏడాది బయటపడిన సూపర్‌నోవాలకు అక్షరక్రమంలో ఇస్తూ వచ్చిన గుర్తు అది.

నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. 2011లో ఇదే గెలాక్సీలో ఇంకొక సూపర్‌నోవా వచ్చి, సెప్టెంబరు రెండో వారానికి దాదాపు పదో మాగ్నిట్యూడ్ దాకా వెలిగింది. అప్పుడు నా దగ్గర ఒక బైనాక్యులర్ మాత్రమే ఉండేది. సాయంత్రం ఏడింటికి ఆ గెలాక్సీ వాయవ్యాన ముప్పై డిగ్రీల ఎత్తులో ఉండేది. దాని ముందు రోజూ వానమబ్బు ఉండేది. మూడు వారాలు మేడ ఎక్కి దిగడమే మిగిలింది. తరువాత ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు కొన్నప్పుడు మనసులో ఉన్నది ఆ పోగొట్టుకున్న చుక్కే. అందుకే ఆ శనివారం సందేశం చదివిన వెంటనే ముందుగా చూసినది పంచాంగం. ముందురోజే వైశాఖ అమావాస్య వెళ్లింది. వారం రోజులు చంద్రుడి బెడద ఉండదు.

మెస్సియే 101ను 1781 మార్చి 27న పియర్ మెషాన్ కనుగొనగా, ఛార్లెస్ మెస్సియే తన జాబితాలో చేర్చుకున్నాడు. మనకు సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అడ్డంగా సుమారు 1,70,000 కాంతి సంవత్సరాలు విస్తరించిన ఈ గెలాక్సీ మన పాలపుంత కన్నా పెద్దదనే చెబుతారు. అది మనకు పళ్లెంలా ఎదురుగా తిరిగి ఉండడం వల్ల సర్పిల భుజాలు ఫోటోల్లో చక్కగా విప్పినట్టు కనిపిస్తాయి. పక్కనున్న ఎన్‌జీసీ 5474 అనే చిన్న గెలాక్సీ లాగుడు వల్ల ఆ విప్పారడంలో ఒక పక్క కాస్త వంకర కూడా ఉంటుంది. ఎదురుగా ఉండడంలోనే చూసేవాడికి ఒక చిక్కు ఉంది. గెలాక్సీ మొత్తం వెలుగును ఒకచోట పోగేస్తే మాగ్నిట్యూడ్ 7.9 వస్తుంది, పుస్తకంలో ఆ అంకె చూసినవాడు చిన్న బైనాక్యులర్‌కు కూడా సులభంగా దొరుకుతుందనుకుంటాడు. ఆ వెలుగంతా చంద్రబింబమంత వెడల్పున పలచగా పరుచుకుని ఉంటుంది. నగరపు ఆకాశపు వెలుగు దాన్ని పూర్తిగా మింగేస్తుంది. హైదరాబాద్ నాగోల్‌లోని మా మేడ మీద నుంచి అప్పటికి ఆరేళ్లుగా నేను దాన్ని ఎన్నోసార్లు వెతికాను. ఒక్కసారి కూడా చూడలేదు.

అయితే నక్షత్రం సంగతి వేరు. నక్షత్రం వెలుగు ఒక బిందువులో కుదురుకుని ఉంటుంది కాబట్టి నగరపు వెలుగు దాన్ని అంత తేలికగా కప్పలేదు. మా మేడ మీద నా టెలిస్కోపుతో పన్నెండో మాగ్నిట్యూడ్ దాకా నక్షత్రాలు కనిపిస్తాయి. ఈ సూపర్‌నోవా అంకె పన్నెండు కన్నా తగ్గేంతగా వెలిగితే గెలాక్సీ కనిపించకపోయినా అందులోని ఒక్క నక్షత్రం కనిపిస్తుంది. ఈ లెక్క వేసుకున్నప్పుడు కలిగిన ఉత్సాహంలో సగం అపనమ్మకమే. వేల కోట్ల నక్షత్రాలున్న ఊరు కనిపించకుండా, ఆ ఊళ్లో చనిపోతున్న ఒక్కరు మాత్రమే కనిపించడమేమిటి?

శనివారం రాత్రి ఈదురుగాలి, దుమ్ము. ఆదివారం ఆకాశం తేటపడింది. రాత్రి పది దాటాక సప్తర్షి మండలం తోక భాగం ఉత్తరాన బాగా ఎత్తుగా ఉంటుంది. మెస్సియే 101 మన అక్షాంశంలో ఆ వేళకు 53 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. దాన్ని చేరే దారి వసిష్ఠుడి నుంచి మొదలవుతుంది. పెళ్లిలో అరుంధతితో కలిపి చూపించే ఆ వసిష్ఠుడే. అక్కడి నుంచి తూర్పుగా 81, 83, 84, 86 అనే సంఖ్యలున్న మసక నక్షత్రాలు నాలుగు వరుసగా మెట్లలా ఉంటాయి. చివరి మెట్టు మీద నిలబడి కాస్త ఈశాన్యానికి జరిగితే గెలాక్సీ ఉండవలసిన చోటు వస్తుంది. వసిష్ఠుడు, మరీచి, ఈ గెలాక్సీ మూడూ కలిసి దాదాపు సమద్విబాహు త్రిభుజం అవుతాయి కాబట్టి దారి తప్పితే వెంటనే తెలుస్తుంది. నేను ఆ చోటుకు చేరి, ముద్రించి తెచ్చుకున్న నక్షత్ర పటాన్ని ఎర్ర గాలిపటం కాగితం చుట్టిన టార్చి వెలుగులో పెట్టుకుని, గెలాక్సీ కేంద్రానికి ఆగ్నేయంగా నాలుగున్నర ఆర్క్‌నిమిషాల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌నిమిషం) దూరంలో ఉండవలసిన చుక్క కోసం వెతికాను. పదిహేను నిమిషాలకు అలాంటిదే ఒకటి దొరికింది. కాస్త మసకగా ఉన్నా స్పష్టమైన చుక్క. ఎనలేని సంతోషంతో కింద పడుకున్న మా ఆవిడను లేపుకొచ్చాను.

ఆవిడకు టెలిస్కోపు మీద పెద్ద ఆసక్తి లేదు. కానీ సంక్రాంతి నెలంతా చుక్కల ముగ్గులు పెట్టే చెయ్యి. ఇరవై ఒక్క చుక్కల ముగ్గును కాగితం చూడకుండా పెట్టగలదు. ఐపీస్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కటకంలో, రెండు నిమిషాలు చూసి, పటం తీసుకుని చూసి, మళ్లీ ఐపీస్‌లో చూసి అన్న మాట ఇది: "ఏమండీ, మీ కాయితం తలకిందులైనట్టుంది, ఒక్కసారి తిప్పి చూడుండ్రి." తిప్పి చూస్తే నిజమే. నా డాబ్సోనియన్ లాంటి న్యూటన్ రకం టెలిస్కోపు దృశ్యాన్ని తలకిందులు చేసి చూపిస్తుంది. భౌతికశాస్త్రం ముప్పై ఏళ్లు చెప్పినవాణ్ణి, ఆ బొమ్మను బోర్డు మీద వందసార్లు గీసినవాణ్ణి, ఆత్రంలో పటాన్ని తిప్పడం మరిచిపోయాను. నేను సూపర్‌నోవా అనుకున్నది కేంద్రానికి అవతలి పక్కనున్న మన పాలపుంతలోని ఏదో మామూలు నక్షత్రం. అసలైన చోట ఆవిడ వేలితో చూపించిన చుక్కల మధ్య పటంలో లేని ఒకటి మినుకుమినుకుమంటోంది. దాన్ని సరిగా చూసేలోగా పడమటి నుంచి పలచని మబ్బుతెర కమ్మింది. ఆ రాత్రి పుస్తకంలో అంకె ఏదీ రాయలేదు. "చూశాను, కొలవలేదు" అని మాత్రం రాసుకున్నాను.

కొలవడం అంటే ఏమిటో ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ తరువాతి మూడు నెలలు నేను చేసినది ఆ పనే. అమెరికాలో 1911 నుంచి పనిచేస్తున్న చరకాంతి నక్షత్ర (వెలుగు మారుతూ ఉండే నక్షత్రాల) పరిశీలకుల సంఘం ప్రపంచంలో ఎవరు పంపినా పరిశీలనలను స్వీకరించి భద్రపరుస్తుంది. వారు ఇచ్చే పటంలో సూపర్‌నోవా చుట్టూ వెలుగు స్థిరంగా ఉండే కొన్ని నక్షత్రాల పక్కన వాటి మాగ్నిట్యూడ్ ముద్రించి ఉంటుంది. 113 అని ఉంటే 11.3 అని అర్థం. దశాంశ బిందువు పెడితే దాన్నే ఒక నక్షత్రమనుకునే ప్రమాదం ఉందని బిందువు తీసేశారు. మన చుక్క కన్నా కొంచెం వెలుగైన దాన్నీ కొంచెం మసకైన దాన్నీ ఎంచుకుని, ఈ రెంటి మధ్య మన చుక్క ఎక్కడ నిలుస్తుందో కంటితోనే అంచనా వేయాలి. మాగ్నిట్యూడ్‌లో అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గుతుందనీ, ఐదు అంకెల తేడా అంటే వెలుగులో నూరు రెట్ల తేడా అనీ చదువుకున్నవారికి తెలుసు. అయితే అందులో పదో వంతును కంటితో పట్టడం ఎంత కష్టమో ఐపీస్ దగ్గర కూర్చుంటేనే తెలుస్తుంది.

కన్ను చేసే మోసాలు చాలా ఉన్నాయి. మసక చుక్కను సూటిగా చూస్తే మాయమవుతుంది. ఓరచూపుతో చూస్తే వెలుగుతుంది. అంచేత పోల్చే రెండిటినీ ఒకే రకంగా చూడాలి, ఒకదాన్ని సూటిగా, ఇంకొకదాన్ని ఓరగా చూడకూడదు. దృశ్యంలో కిందవైపు ఉన్న నక్షత్రం పైదాని కన్నా వెలుగైనట్టు అనిపించే గుణం కంటికి ఉంది. కాబట్టి తలను పక్కకు వంచి, రెండు కళ్లను కలిపే గీత, రెండు నక్షత్రాలను కలిపే గీత సమాంతరంగా ఉండేలా చూసుకోవాలి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి కనీసం అరగంట కావాలి. ఆ అరగంటలో ఎదురింటి బాల్కనీ లైటు ఒక్కసారి వెలిగితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అందుకని తల మీద నల్ల దుప్పటి కప్పుకునేవాణ్ణి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, అర్ధరాత్రి కూడా సెగలు పోయే మేడ మీద, దుప్పటి ముసుగులో మెడ వంచి నిలబడిన మనిషిని తలచుకోండి. మూడో రాత్రికి మా వాచ్‌మన్ పైకి వచ్చి, "సార్, ఎవరింట్ల జూస్తున్నరని కిందోళ్లు అడుగుతున్నరు" అని మొహమాటంగా చెప్పాడు. అతనికి వసిష్ఠుణ్ణీ అరుంధతినీ చూపించి, కింద చెప్పమని పంపాను. ఆ తరువాత ఎవరూ అడగలేదు గానీ, ఎదురింటివాళ్లు కర్టెన్లు మార్చారు.

సోమవారం, మే 22, రాత్రి పది గంటలకు మొదటి అంకె రాశాను: 11.3. రెండు రోజుల ముందు నా మేడకు అందనంత మసకగా ఉన్నది అప్పటికి తేలిగ్గా కనిపించే చుక్క అయింది. సమయాన్ని జూలియన్ దినాల్లో రాయాలి. ఈ లెక్క గ్రీనిచ్ మధ్యాహ్నం నుంచి, అంటే మన సాయంత్రం ఐదున్నర నుంచి మొదలవుతుంది కాబట్టి, అర్ధరాత్రి దాటినా తేదీ మారదు. మన రాత్రంతా ఒకే దినంలో పడుతుంది. రాత్రంతా మేలుకునేవాళ్ల కోసమే పెట్టినట్టుంటుంది. నా మొదటి పరిశీలన 2460087.19. అంకె, సమయం, పోల్చిన నక్షత్రాలు, నాకు వారిచ్చిన అక్షరాల సంకేతం నింపి పంపిన తరువాత, వారి పట్టికలో వందలమంది బిందువుల మధ్య నా బిందువు ఎక్కడ పడిందో చూశాను. గుంపులోనే ఉంది. ఆ తృప్తి తరువాత నన్ను ఎలా పక్కదారి పట్టించిందో కొంచెం ఆగి చెబుతాను.

మర్నాడు మంగళవారం దేవరకొండ దాటి మా అత్తగారి ఊరికి టెలిస్కోపును కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని వెళ్లాను. పడమట శుక్రుడి పక్కనే నెలవంక ఉంది. పది దాటేసరికి రెండూ అస్తమించాయి. చేను గట్టు మీద టెలిస్కోపు నిలబెట్టి, వసిష్ఠుడి నుంచి నాలుగు మెట్లు దిగి చూస్తే, ఆరేళ్లుగా నాకు ఖాళీగా కనిపించిన ఆ చోట గుండ్రని పాలమరక ఒకటి ఉంది. ఫోటోల్లోని భుజాలు కనిపించలేదు. ఓరచూపుతో చాలాసేపు చూస్తే మరక ఒకవైపు గట్టిగా, ఒకవైపు పలచగా, అక్కడక్కడ ముద్దలుగా ఉన్నట్టు తెలిసింది. ఆ ముద్దలు ఆ గెలాక్సీలో కొత్త నక్షత్రాలు పుడుతున్న హైడ్రోజన్ మేఘాలు. అవి ఎంత పెద్దవంటే, కొన్నింటికి పూర్వం వేరు వస్తువులన్నట్టు ఎన్‌జీసీ అనే ఖగోళ వస్తువుల జాబితాలో సొంత సంఖ్యలే ఇచ్చారు. మన సూపర్‌నోవా వాటిలో ఎన్‌జీసీ 5461 అనే ముద్ద పక్కనే ఉంది. నగరంలో ఒంటరి చుక్కగా చూసినదాన్ని ఇక్కడ దాని ఇంట్లో, దాని వీధిలో చూశాను. అంకె 11.0. ఈసారి పొరబాటుకు ఇంకొక అవకాశం ఎదురైంది: చీకట్లో ముద్ద వెలుగు కూడా చుక్క వెలుగులో కలిసి, ఉన్నదాని కన్నా ఎక్కువ వెలుగుగా అనిపిస్తుంది. నగరంలో ముద్ద కనిపించదు కాబట్టి ఈ సమస్య లేదు. కొలత వరకు చూస్తే నాగోల్ మేడే నయమని ఒప్పుకోవడానికి కొంత బాధ కలిగింది.

ఆ రాత్రి చేను గట్టు మీద నుంచి దక్షిణాన జ్యేష్ఠా నక్షత్రం ఎర్రగా కనిపిస్తోంది. పేలిపోయిన ఆ నక్షత్రం కూడా జ్యేష్ఠ, ఆర్ద్రల జాతిదే, అంటే అరుణ మహాతార. హబుల్, స్పిట్జర్ టెలిస్కోపులు అంతకు ముందు సంవత్సరాల్లో తీసిన చిత్రాలను వెనక్కి వెతికితే, అదే చోట దట్టమైన ధూళి కప్పుకున్న ఎర్రని నక్షత్రం దొరికింది. అది సుమారు వెయ్యి రోజులకొకసారి పెరుగుతూ తరుగుతూ ఉండేదని కూడా తెలిసింది. అలాంటి నక్షత్రంలో చివరికి ఇనుప గర్భం తయారై, దాని నుంచి ఇక శక్తి పుట్టక, తన బరువును తానే మోయలేక ఒక్క సెకను లోపలే కూలిపోతుంది. పైపొరలు ఎగిరిపోయే తాకిడి ఉపరితలానికి చేరడానికి మాత్రం గంటలు పడుతుంది. 2011 నాటి సూపర్‌నోవా ఈ జాతిది కాదు. అది ఒక శ్వేత కుబ్జతార, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన చిన్న నక్షత్రం, అణు మంటల్లో పూర్తిగా తగలబడిపోవడం. ఒకే గెలాక్సీలో పన్నెండేళ్ల తేడాతో రెండు రకాల చావులూ మనకు ఇంత దగ్గరగా కనిపించడం అరుదైన సంగతి.

ఈ గెలాక్సీలో అంతకు ముందు నమోదైనవి మూడు: 1909లో హైడెల్‌బర్గ్‌లో మాక్స్ వుల్ఫ్ చూసినది, 1951లో ఒకటి, 1970లో ఒకటి. 1909లో వుల్ఫ్‌కు తాను చూస్తున్నది ఎంత దూరంలో ఉందో తెలియదు. అప్పటికి గెలాక్సీలనే వేరు లోకాలున్నాయని ఖాయం కాలేదు. 1970 నాటిది రేడియో తరంగాల్లో దొరికిన మొట్టమొదటి సూపర్‌నోవా. మొత్తం మీద 114 ఏళ్లలో ఐదు. ఇందులో ఒకదాన్ని మబ్బులకు పోగొట్టుకున్నవాణ్ణి, ఇంకొకదాన్ని ఎందుకు వదులుతాను?

నా చేతి అంకె చెప్పలేనిది చాలా ఉందని కూడా ఆ రోజుల్లోనే తెలిసింది. చుక్క బయటపడిన ఒక్క రోజు లోపలే తీసిన వర్ణపటంలో సన్నని గీతలు కనిపించాయి. నక్షత్రం తన చివరి సంవత్సరాల్లో చుట్టూ ఊదేసిన వాయువు పేలుడు వెలుగుకు ఒక్కసారి మెరిసి, కొద్ది రోజుల్లో దాన్ని పేలుడు శకలాలు మింగేయడం వల్ల వచ్చిన గీతలవి. ఇటగాకి కన్నా ముందే, మే 18 రాత్రి కొందరు ఔత్సాహికులు మామూలుగా తీసుకున్న ఫోటోల్లో కూడా ఆ చుక్క ఎక్కుతున్న దశలో ఉందని వెతికితే బయటపడింది. వాటివల్ల పేలుడు సమయాన్ని గంటల తేడాతో నిర్ణయించగలిగారు. లడఖ్‌లోని హాన్లేలో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు దీన్ని వెంటాడింది. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం అతినీలలోహిత కాంతిలో చూసింది. ఆ కాంతిని మన వాతావరణం కిందికి రానివ్వదు కాబట్టి ఎంత మంచి కొండ ఎక్కినా నేల మీద నుంచి చూడలేం. ఇన్ని యంత్రాలు చూస్తుండగా నా కంటి అంకె వల్ల శాస్త్రానికి ఒనగూడేది దాదాపు ఏమీ లేదు. ఈ మాట వినయం కోసం చెప్పడం లేదు, అది లెక్క.

అయినా కొనసాగించాను, జూన్ మొదటి వారం దాకా మంచి ఊపుతోనే. పున్నమి జూన్ 4న వచ్చినా, చుక్క 11 దగ్గరే నిలకడగా ఉన్నందువల్ల వెన్నెల్లో కూడా అందింది. ఆ ఏడు నైరుతి ఋతుపవనాలు ఆలస్యమై జూన్ 8న గాని కేరళను తాకలేదు. రైతులు ఆకాశం వైపు చూసి దిగులుపడుతుంటే, నేను అదే ఆకాశం తేటగా ఉందని లోలోపల సంతోషించాను. అది చెప్పుకోదగ్గ సంతోషం కాదు.

జూన్ మధ్యలో నా పుస్తకం తిరగేస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. మొదటి వారం నా అంకెలు అందరి సగటుకు అటూ ఇటూ రెండు మూడు పదో వంతులు ఊగుతున్నాయి. తరువాత నుంచి గీత గీసినట్టు సగటు మీదే పడుతున్నాయి. నా కన్ను అంత మెరుగుపడిందా? కారణం వెతికితే సిగ్గు కలిగింది. రోజూ సాయంత్రం మేడ ఎక్కే ముందు, నిన్నటి దాకా అందరి బిందువులూ ఎక్కడున్నాయో ఫోన్‌లో చూసుకుని వెళ్లడం అలవాటైంది. 11.3 ఉండాలని తెలిసి వెళ్లిన కన్ను 11.3 అనే చూసింది. కాలేజీ ప్రయోగశాలలో గురుత్వ త్వరణం విలువ 9.8 అని ముందే తెలిసి, లోలకం ఊగకముందే పట్టిక నింపుకునే పిల్లలను ఏళ్ల తరబడి తిట్టాను. అచ్చంగా నేను చేసినదీ అదే.

అప్పటికి పంపిన వాటిలో ఎనిమిది అంకెలు అలా వచ్చినవే అని తేలింది. వాటిని తొలగించమని కోరి, ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను. మేడ ఎక్కే ముందు ఫోన్ కింద వదిలేయడం, నేను చూసిన అంకెను ఒక చీటీ మీద రాసి మడిచి జేబులో పెట్టుకోవడం, మా ఆవిడ తాను చూసినది ఇంకొక చీటీ మీద రాయడం, ఇద్దరివీ కిందికి వచ్చాక విప్పడం. ఆవిడకు మాగ్నిట్యూడ్ అన్న మాటతో పని లేదు. పటంలోని అంకెలు చూసి, "ఈ చుక్కకూ ఈ చుక్కకూ నడుమ, ఈ పక్కకు జర దగ్గర" అని గుర్తు పెట్టేది. జూన్ 17 రాత్రి నా చీటీలో 11.3, ఆవిడ చీటీలో 11.6. ఎవరిది సరైనదన్న వాదన అరగంట నడిచింది. పట్టిక చూస్తే ఇద్దరి అంకెలకూ మధ్యలో ఉంది. నాది నాకే, ఆవిడది ఆవిడకే రాసి ఉంచాం, సగటు తీయలేదు. చూసినవాళ్లు ఇద్దరైనప్పుడు వాళ్లిద్దరూ చూడని అంకెను పంపడం సబబనిపించలేదు. ఆవిడ పేరు మీద కూడా సంకేతం తీసుకోవచ్చని చెప్పాను గానీ, "నాకెందుకండి, మీదే నడవనీయుండ్రి" అంది.

చీటీలు మొదలయ్యాక నా గీత మళ్లీ ఊగడం మొదలుపెట్టింది. అప్పుడే దాన్ని నమ్మాను. ఆ ఊగిసలాట మధ్య కూడా చుక్క కొద్దికొద్దిగా తగ్గడం కనిపించింది: జూన్ ఆఖరుకు 11.5 దాటి, జూలై మధ్యకు దాదాపు 12. ఈ నెమ్మదికి కారణం హైడ్రోజన్. ఎగిరిపోతున్న పైపొరల్లోని వేడి హైడ్రోజన్ లోపలి వెలుగును కమ్మేసి పట్టి ఉంచుతుంది. సుమారు ఆరు వేల డిగ్రీలకు చల్లారిన పొర పారదర్శకమై, దాని కింది పొర వెలుగు బయటపడుతుంది. ఇలా ఉల్లిపాయ ఒలిచినట్టు బయటి నుంచి లోపలికి ఒక్కొక్క పొరా విడిపోతున్నంత కాలం చుక్క నెమ్మదిగా తరుగుతుంది. హైడ్రోజన్ అంతా అయిపోయిన రోజున ఒక్కసారిగా జారుతుంది. ఆ తరువాత మిగిలేది, పేలుడులో పుట్టిన నికెల్ కోబాల్టుగా, 77 రోజుల అర్ధాయువున్న ఆ కోబాల్టు ఇనుముగా మారుతున్నప్పుడు వచ్చే వెలుగు మాత్రమే. ఆ జారుడు ఎప్పుడు వస్తుందా అని జూలైలో ఎదురుచూడసాగాను, కానీ జూలై నా చేతిలో లేదు. ఆఖరి వారంలో తెలంగాణ అంతా వానలూ వరదలూ. టెలిస్కోపు మీద కప్పిన టార్పాలిన్ కూడా తీయలేదు.

ఆగస్టులో ఎవరూ ఊహించని విధంగా వానలు ముఖం చాటేశాయి. దేశంలో 1901 తరువాత అంత పొడి ఆగస్టు లేదని తరువాత చెప్పారు. ఆగస్టు 16, అధిక శ్రావణ అమావాస్య. రాత్రి ఎనిమిదికి సప్తర్షి మండలం వాయవ్యానికి వాలింది. గెలాక్సీ ఉండే చోటు 37 డిగ్రీల ఎత్తులో ఉంది. వసిష్ఠుడి నుంచి నాలుగు మెట్లు దిగాను. పటం తిప్పి పట్టుకున్నాను. చుట్టూ ఉన్న చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నలభై నిమిషాలు ఓరచూపుతో, దుప్పటి ముసుగులో, ఐపీస్‌లు మార్చి మార్చి చూశాను. ఉన్నట్టు రెండుసార్లు అనిపించింది. అలా అనిపించిన చోటు రెండుసార్లూ ఒకటి కాదు. మా ఆవిడను పిలిచాను. ఆవిడ చూసి, ఏమీ అనకుండా చీటీ రాసి మడిచింది.

కనిపించనప్పుడు కూడా రాయడానికి ఒక పద్ధతి ఉంది. పటంలో ఆ రాత్రి మనకు అందిన అతి మసక నక్షత్రం అంకె రాసి, దాని ముందు 'కన్నా తక్కువ' అన్న గుర్తు పెడతారు. చుక్క ఇంతకన్నా మసకగా ఉంది, ఎంతో తెలియదు అని అర్థం. కిందికి వచ్చి చీటీలు విప్పాం. నా చీటీలో <12.1 ఉంది. ఆవిడ చీటీలో, పటంలోంచి గీసుకున్న ఏడు చుక్కల ముగ్గు, మధ్యలో ఒక చుక్క ఉండవలసిన చోట ఖాళీ. నా అంకెను పంపాను. ఆవిడ చీటీని పుస్తకంలో ఆ రోజు పేజీకి అంటించాను.